బ్యాకప్ ప్రాక్సీ ఏ ఊళ్లో ఉండాలి? రాయగడ, గుణుపురం మధ్య ఒక లెక్క

ఉదయం తొమ్మిదిన్నర. ఒడిశాలోని రాయగడలో ఒక మోస్తరు ఆసుపత్రి అనుకోండి, ఓపీ కౌంటర్ ముందు ముప్ఫై మంది నిలబడి ఉన్నారు. కొందరు పేరు తెలుగులో చెబుతున్నారు, కొందరు ఒడియాలో, కువి తప్ప ఇంకేదీ రాని ముసలావిడ తరఫున మనవడు చెబుతున్నాడు. కౌంటర్లో అమ్మాయి పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. తెర మీద సున్నా తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. "సర్వర్ ఇలగ మొరాయిస్తందేటి బాబూ?" అని క్యాషియర్ పెద్దాయన లోపలికి ఒక కేక వేశాడు. లోపలి గదిలో ఆ బాబు కళ్లప్పగించి చూస్తున్నది ముందు రోజు రాత్రి పదకొండింటికి మొదలైన బ్యాకప్ జాబ్‌ని. 87 శాతం. ఆపేస్తే నిన్నటి కాపీ లేనట్టే, ఆపకపోతే క్యూ కదలదు.

ఆసుపత్రి ఊహించుకున్నదే, టెన్షన్ మాత్రం అసలుదే. ఇలాంటప్పుడు ఎవర్ని అడిగినా వచ్చే మొదటి సలహా "ఇంకో ప్రాక్సీ పెట్టేయండి" అని. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకుండా పెడితే రాత్రి పడాల్సిన బాధ పగటికి వస్తుంది, అంతకు మించి మారేదేమీ ఉండదు.

ప్రాక్సీ అనగానే ఆఫీసులో యూట్యూబ్ రానివ్వని ప్రాక్సీ గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. వర్చువల్ మెషిన్ల (వీఎంలు, అంటే ఒకే సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) బ్యాకప్‌లో ప్రాక్సీ అంటే మోత మోసే మిషన్. గోడౌన్ దగ్గర లారీ దింపడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: పుస్తకం పట్టుకుని ఎవరు ఏ లారీ దింపాలో చెప్పే మేస్త్రి బ్యాకప్ సర్వర్, బస్తాలు మోసే కళాసీలు ప్రాక్సీలు, లారీ అసలు డేటా ఉన్న స్టోరేజ్, గోడౌన్ రిపాజిటరీ, అంటే బ్యాకప్ కాపీలు దాచే చోటు. వీమ్ లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసినప్పుడు మేస్త్రే కళాసీ పని కూడా చేస్తుంటాడు, అంటే బ్యాకప్ సర్వరే డిఫాల్ట్ ప్రాక్సీగా ఉంటుంది. అందుకే ఐదారు వీఎంలు ఉన్నచోట ప్రాక్సీ అనే మాట వినకుండానే ఏళ్లు గడిచిపోతాయి. వీఎంలు ముప్ఫై అయ్యేసరికి మేస్త్రి నడుం పట్టేస్తుంది.

కళాసీ చేసే పని ఒకటి కాదు. స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో పట్టి ఉంచే రూపం) తీసిన డిస్క్ నుంచి బ్లాకులు చదవాలి, ఖాళీ బ్లాకులూ ఒకేలా ఉన్నవీ ఏరి పారేయాలి, మిగిలినవాటిని కంప్రెస్ చేయాలి, అడిగితే ఎన్‌క్రిప్ట్ చేయాలి, తర్వాత రిపాజిటరీకి పంపాలి. కంప్రెషన్ దగ్గరే సీపీయూ ఎక్కువ కాలుతుంది. కాబట్టి ప్రాక్సీలు పెంచితే పెరిగేది రెండే: ఈ పనికి దొరికే సీపీయూ, డేటా నడిచే దారుల సంఖ్య. లారీ తలుపు వెడల్పు పెరగదు, గోడౌన్ గుమ్మం అసలే పెరగదు. పదిమంది కళాసీల్ని తెచ్చినా గుమ్మం ఒకరు పట్టేంతే ఉంటే తొమ్మిదిమంది బస్తా భుజాన పెట్టుకుని నిలబడాల్సిందే, కూలి మాత్రం పదిమందికీ ఇవ్వాలి.

ఇప్పుడు ఆసుపత్రి లెక్కకి వద్దాం. రాయగడలో మూడు ఈఎస్ఎక్స్ఐ హోస్టులు (వీఎంలని నడిపే వీఎంవేర్ సర్వర్లు), వాటన్నిటికీ కలిపి ఒక ఐస్కసీ స్టోరేజ్ (నెట్‌వర్క్ మీద అందే ఉమ్మడి డిస్కులు), ముప్ఫై వీఎంలు, మొత్తం 4 టీబీ డేటా. గుణుపురం బ్రాంచిలో ఒకే హోస్టు, మూడు వీఎంలు, రెండు ఊళ్ల మధ్య 20 ఎంబీపీఎస్ లైను. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఆచరణలో సెకనుకి 100 ఎంబీ నడిచిందనుకుంటే 4 టీబీ మొత్తం చదవడానికి 40,000 సెకన్లు, అంటే 11 గంటల పైనే. రాత్రి పదకొండుకి మొదలుపెడితే పొద్దున్న పది. కౌంటర్ ముందు క్యూ ఎందుకు ఆగిందో ఇక్కడే తెలిసిపోతుంది.

కానీ రోజూ 4 టీబీ ఎందుకు చదవాలి? చదవక్కర్లేదు. 2009లో వచ్చిన వీఎంవేర్ వీస్ఫియర్ 4 నుంచీ ఛేంజ్‌డ్ బ్లాక్ ట్రాకింగ్ ఉంది, నిన్నటి నుంచి ఏ బ్లాకులు మారాయో వీఎంలని నడిపే హైపర్‌వైజరే రాసి పెట్టుకుంటుంది, బ్యాకప్ వాళ్లు సీబీటీ అంటారు. రోజుకి 5 శాతం మారిందనుకుంటే 200 జీబీ, అదే వేగంతో 2,000 సెకన్లు, అరగంట దాటి కొంచెం. మరి ఆ రోజు పొద్దున్న దాకా ఎందుకు నడిచినట్టు? ఒకటి, ఆ రోజు యాక్టివ్ ఫుల్, అంటే మొత్తం కొత్తగా తీసే బ్యాకప్, పడి ఉండొచ్చు. రెండోది ఈ ప్రాంతంలో ఇంకా ఎక్కువగా చూడాల్సింది: వర్షాకాలం రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ ముసలిదై, హోస్టు ఒక్కసారిగా పడిపోతే ఆ మార్పుల పుస్తకం మీద నమ్మకం పోతుంది, సీబీటీ రీసెట్ అవుతుంది, తర్వాతి జాబ్ మొత్తం డిస్కు మొదటి నుంచి చివరిదాకా చదివి ఏం మారిందో తనే వెతుక్కుంటుంది. గోడౌన్‌లో చేరేది పది బస్తాలే, దాని కోసం లారీ మొత్తం దింపి మళ్లీ ఎక్కించినట్టు. దీనికి ప్రాక్సీ మందు కాదు, బ్యాటరీ మార్చడమే మందు. రెండో ప్రాక్సీ కోసం లైసెన్సులూ విండోస్ కాపీలూ వెతికేముందు యూపీఎస్ ఎన్ని నిమిషాలు ఆగుతోందో గడియారం పట్టుకుని చూడటం చవక.

సరే, కరెంటు బాగానే ఉంది, రోజూ జాబ్ ఆలస్యమవుతోంది అనుకుందాం. వీమ్ ప్రతి జాబ్ చివర ఒక లైను రాస్తుంది: సోర్స్ ఇంత శాతం, ప్రాక్సీ ఇంత, నెట్‌వర్క్ ఇంత, టార్గెట్ ఇంత, బాటిల్‌నెక్ ఫలానాది. చాలామంది ఆకుపచ్చ టిక్కు చూసి విండో మూసేస్తారు, ఈ లైను చదవరు. ప్రాక్సీ పెంచాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు మాత్రం ఈ లైన్లోనే ఉంది. ప్రాక్సీ 95 శాతం చూపిస్తే కళాసీలు చాలట్లేదు, పెంచండి. సోర్స్ 99 శాతం అయితే స్టోరేజ్ నుంచి చదవడమే నెమ్మది, లేదా చదివే దారి సరిగా లేదు, ఇక్కడ ప్రాక్సీల సంఖ్య కాకుండా ప్రాక్సీ చదివే పద్ధతి మార్చాలి. టార్గెట్ ఎక్కువైతే రాసే డిస్కులు నెమ్మది, నాలుగు డిస్కుల చిన్న నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టె) మీదకి పది ప్రాక్సీలు తోసినా దాని తలలు అటూ ఇటూ పరిగెత్తి ఇంకా నెమ్మదిస్తుంది. ఒక తిరకాసు ఉంది, ఎప్పుడూ ఏదో ఒకటి బాటిల్‌నెక్ అని చూపిస్తూనే ఉంటుంది, అన్నిటికన్నా నెమ్మదైనది ఎప్పుడూ ఒకటి ఉంటుంది కదా. జాబ్ టైముకి అయిపోతుంటే ఆ మాట చూసి కంగారుపడక్కర్లేదు.

చదివే పద్ధతే అసలు విషయం, దాన్ని ట్రాన్స్‌పోర్ట్ మోడ్ అంటారు. వీఎంవేర్ దగ్గర మూడు దారులు. మొదటిది నెట్‌వర్క్ మోడ్, ఎన్‌బీడీ: ప్రాక్సీ హోస్టుని అడుగుతుంది, హోస్టు తన మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కార్డు గుండా డిస్కు పంపిస్తుంది, పోర్టు 902. ఏ తలనొప్పీ ఉండదు, ఎక్కడైనా పనిచేస్తుంది, మేనేజ్‌మెంట్ లైను ఒక గిగాబిట్ అయితే మాత్రం నిదానం. రెండోది హాట్‌యాడ్, వీమ్ దీన్ని వర్చువల్ అప్లయన్స్ మోడ్ అంటుంది: ప్రాక్సీ తనే ఒక వీఎం, బ్యాకప్ తీయాల్సిన వీఎం డిస్కుని నడుస్తుండగానే తనకి తగిలించుకుని సొంత డిస్కులాగా చదివేస్తుంది. మూడోది డైరెక్ట్ స్టోరేజ్: ప్రాక్సీ, సాధారణంగా ఒక ఫిజికల్ మిషన్, శాన్ (ఐస్కసీ లాంటి ఉమ్మడి డిస్కుల నెట్‌వర్క్) లేదా ఎన్ఎఫ్ఎస్ (ఫైల్ షేర్) స్టోరేజ్‌తో నేరుగా మాట్లాడుతుంది, హోస్టుల మీద దాదాపు భారమే పడదు.

ఆసుపత్రిలాంటి చోట నూటికి తొంభై మంది వెళ్లాల్సింది హాట్‌యాడ్‌కే. మిషన్ కొనక్కర్లేదు, ఉన్న హోస్టుల మీదే ఒక్కో చిన్న వీఎం పెడితే చాలు, లైనక్స్ అయితే విండోస్ లైసెన్సు ఖర్చు కూడా ఉండదు. అయితే ప్రాక్సీ వీఎం ఉన్న హోస్టుకి ఆ డేటాస్టోర్, అంటే వీఎం డిస్కులు ఉన్న చోటు, కనబడాలి. ఉమ్మడి ఐస్కసీ స్టోరేజ్ మీద ఉన్న వీఎంలని ఏ హోస్టు మీది ప్రాక్సీ అయినా తగిలించుకోగలదు, కానీ ఎవరో ఒక వీఎంని రెండో హోస్టు లోకల్ డిస్కులో పెట్టి మరిచిపోతే మొదటి హోస్టు మీది ప్రాక్సీ దాన్ని హాట్‌యాడ్ చేయలేదు. అప్పుడు జాబ్ ఫెయిలవుతుందా? అవదు. అదే ఇబ్బంది. "ప్రైమరీ మోడ్ పనిచేయకపోతే నెట్‌వర్క్ మోడ్‌కి వెళ్లు" అన్న టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది, చడీచప్పుడు లేకుండా ఎన్‌బీడీకి దిగిపోతుంది, టిక్కు ఆకుపచ్చగానే ఉంటుంది, జాబ్ మాత్రం మూడింతలు సాగుతుంది. దీన్ని పట్టుకోవడం సులువే: జాబ్ లాగ్‌లో ఒక్కో హార్డ్ డిస్కు లైను చివర చదరపు బ్రాకెట్లలో హాట్‌యాడ్ అనో, శాన్ అనో, ఎన్‌బీడీ అనో ఉంటుంది. ప్రాక్సీలు పెట్టిన వారం రోజులూ రోజూ పొద్దున్న టీ తాగుతూ ఆ ఒక్క మాట కోసం లాగ్ కిందిదాకా చూడాలి. ముప్ఫై వీఎంలలో రెండు ఎన్‌బీడీ కనబడితే ఆ రెండూ ఎక్కడున్నాయో వెతికితే సగం సమస్య తీరుతుంది.

హాట్‌యాడ్‌కి ఒక పాడు అలవాటు ఉంది, దగ్గర నుంచి చూపించాల్సినది. జాబ్ మధ్యలో ప్రాక్సీ రీస్టార్ట్ అయిందనుకోండి, లేదా కరెంటే పోయింది. పొద్దున్న వీసెంటర్‌లో (హోస్టులన్నిటినీ చూసుకునే తెర) ల్యాబ్ వీఎం మీద పసుపు త్రికోణం, డిస్క్ కన్సాలిడేషన్ (విడిగా రాసిన మార్పుల్ని అసలు డిస్కులో కలపడం) అవసరం అని. కన్సాలిడేట్ నొక్కితే ఫైల్ లాక్ అయిందని ఎర్రర్. స్నాప్‌షాట్ మేనేజర్ తెరిస్తే స్నాప్‌షాట్ ఏదీ లేదు, డేటాస్టోర్‌లోకి వెళ్లి చూస్తే మాత్రం మార్పులు చేరే డెల్టా ఫైలు గంట గంటకీ పెరుగుతోంది. అప్పుడు చూడాల్సింది ల్యాబ్ వీఎంని కాదు, ప్రాక్సీ వీఎం సెట్టింగ్స్‌ని. తన 60 జీబీ డిస్కు ఒకటే ఉండాల్సినచోట కింద 400 జీబీ డిస్కు ఇంకోటి వేలాడుతుంటుంది, ఫైల్ పాత్ చూస్తే అది ల్యాబ్ ఫోల్డర్‌ది. దాన్ని తీసేయాలి, తీసేటప్పుడు "డేటాస్టోర్ నుంచి ఫైళ్లు కూడా తొలగించు" అన్న చిన్న గడి పక్కనే ఉంటుంది, దాని జోలికి వెళ్లకూడదు, వెళ్తే ల్యాబ్ డిస్కే పోతుంది. తీసేశాక కన్సాలిడేట్ నొక్కితే పసుపు త్రికోణం పోతుంది. కంగారులో ఉన్న మనిషికి ఆ గడి ఎంత దగ్గరగా ఉంటుందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఈ పని ఒంటరిగా చేయకుండా పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని చేయడం మేలు.

స్టోరేజ్ ఐస్కసీ కాకుండా ఎన్ఎఫ్ఎస్ 3 అయితే ఇంకో చిక్కు. ప్రాక్సీ ఒక హోస్టు మీద, వీఎం ఇంకో హోస్టు మీద ఉండి హాట్‌యాడ్ చేస్తే, డిస్కు విప్పేటప్పుడు ఆ వీఎం కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా కొయ్యబారిపోతుంది. బిల్లింగ్ డేటాబేస్‌కి అర నిమిషం అంటే కనెక్షన్లన్నీ తెగినట్టే. అలాంటిచోట హోస్టుకి ఒక ప్రాక్సీ పెట్టి, ఏ హోస్టు వీఎంలని ఆ హోస్టు ప్రాక్సీయే తీసేలా చేయాలి, లేకపోతే డైరెక్ట్ ఎన్ఎఫ్ఎస్ దారి పట్టాలి.

డైరెక్ట్ శాన్ గురించి ఒక్క హెచ్చరిక చాలు. స్టోరేజ్ లన్‌లు (స్టోరేజ్ డిస్కులుగా చూపించే ముక్కలు) ఒక విండోస్ మిషన్‌కి కనబడేలా చేస్తున్నాం, ఎవరైనా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే "ఈ డిస్కుని ఇనిషియలైజ్ చేయాలా" అని మర్యాదగా అడుగుతుంది, ఓకే నొక్కితే డేటాస్టోర్ గోవిందా. వీమ్ ప్రాక్సీ వేసేటప్పుడు శాన్ పాలసీని ఆఫ్‌లైన్ షేర్డ్‌గా (ఉమ్మడి డిస్కుల్ని విండోస్ తనంతట తను తెరవకుండా) మారుస్తుంది, దాని మీద భారం వేయకుండా స్టోరేజ్ వైపే ఆ మిషన్‌కి రీడ్ ఓన్లీ ఇవ్వడం మంచిది. రీడ్ ఓన్లీ ఇస్తే రీస్టోర్ ఆ దారిన జరగదు. జరగకపోయినా ఫర్వాలేదు, ఆ దారి రీస్టోర్ ఎలాగూ థిక్ (చోటంతా ముందే కేటాయించిన) డిస్కులకే పనిచేస్తుంది, థిన్ (రాసేకొద్దీ పెరిగే) డిస్కులకి పనిచేయదు. కాబట్టి శాన్ ప్రాక్సీ ఎంత గొప్పదైనా పక్కన ఒక హాట్‌యాడ్ ప్రాక్సీ ఉంచుకోవాల్సిందే.

ఎన్ని ప్రాక్సీలు, ఎంత పెద్దవి? ఇక్కడ లెక్క వీఎంలతో కాదు, డిస్కులతో. ప్రాక్సీ దగ్గర ఒక టాస్క్ అంటే ఒక వర్చువల్ డిస్కు. ఐదు డిస్కులున్న ఒక్క డేటాబేస్ వీఎం ఐదు టాస్కులు తినేస్తుంది. పాత లెక్క టాస్కుకి ఒక కోర్, 2 జీబీ ర్యామ్, కొత్త వెర్షన్లు కోర్‌కి రెండు టాస్కులు పట్టిస్తున్నాయి. నాలుగు కోర్ల ప్రాక్సీలు రెండు పెడితే పాత లెక్కన కూడా ఎనిమిది డిస్కులు ఒకేసారి నడవాలి. పెట్టి చూస్తే నాలుగే నడుస్తాయి, మిగతావి "రిసోర్స్ కోసం ఎదురుచూస్తోంది" అని కూర్చుంటాయి. ప్రాక్సీ పాడైందా అని రెండు రోజులు వెతికేవాళ్లున్నారు. కారణం గోడౌన్ గుమ్మం: రిపాజిటరీకి కూడా ఒకేసారి ఎన్ని టాస్కులు అన్న పరిమితి ఉంది, మామూలుగా అది 4. రెండు పరిమితుల్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. నాస్ డిస్కులు తట్టుకుంటాయనుకుంటే 4ని 6 చేసి టార్గెట్ శాతం చూడాలి, బాగుంటే 8. ఒక్కసారే 16 పెట్టి నిద్రపోయి పొద్దున్నే లేచి తిట్టుకోవడం అందరూ ఒకసారి చేసే పని.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎనిమిది డిస్కులు ఒకేసారి పూర్తి వేగంతో చదువుతుంటే, అదే స్టోరేజ్ మీద రాత్రి క్యాజువాలిటీ బిల్లింగూ ల్యాబ్ మిషన్లూ నడుస్తున్నాయి. కళాసీలు ఎక్కువై మామూలు జనానికి దారి లేకుండా చేసినట్టు. అందుకే వీమ్‌లో స్టోరేజ్ లేటెన్సీ కంట్రోల్ ఉంది: డేటాస్టోర్ జవాబు 20 మిల్లీసెకన్లు దాటితే కొత్త టాస్కు ఇవ్వదు, 30 దాటితే నడుస్తున్నవాటినీ నెమ్మదింపజేస్తుంది, ఈ అంకెలు డిఫాల్టువి. ఆసుపత్రి, రాత్రి షిఫ్టు నడిచే మిల్లు, ఇలాంటి చోట్ల ఇది ఆన్ చేయకుండా ప్రాక్సీలు పెంచడం అంటే రాత్రి డ్యూటీ నర్సుతో గొడవ కొని తెచ్చుకోవడమే.

ఇక గుణుపురం. ఊరు చిన్నది, లైను సన్నది, ఇక్కడే ప్రాక్సీ చోటు అసలు విలువ తెలుస్తుంది. అక్కడి మూడు వీఎంలలో రోజుకి 10 జీబీ మారుతుందనుకుందాం. ప్రాక్సీ రాయగడలోనే ఉండి గుణుపురం హోస్టు నుంచి ఎన్‌బీడీ మీద చదివితే ఆ 10 జీబీ కంప్రెస్ కాకుండా పచ్చిగా 20 ఎంబీపీఎస్ లైను మీదకి ఎక్కుతుంది. సెకనుకి 2.5 ఎంబీ లెక్కన 4,000 సెకన్లు, గంట దాటుతుంది. అదే గుణుపురం హోస్టు మీద రెండు కోర్ల ప్రాక్సీ వీఎం ఒకటి పెడితే అక్కడే హాట్‌యాడ్ చేసి, అక్కడే నలిపి, నలిపినదే పంపుతుంది. సగానికి తగ్గిందనుకుంటే అరగంట. ఇక సీబీటీ రీసెట్ అయిన రాత్రి సంగతి చూడండి: రాయగడ ప్రాక్సీ అయితే 300 జీబీ మొత్తం లైను మీద లాగి చదవాలి, 33 గంటలు. గుణుపురం ప్రాక్సీ అయితే ఆ 300 జీబీ అక్కడే హోస్టులో చదువుకుని, మారినదే పంపుతుంది. మిషను అదే, సాఫ్ట్‌వేర్ అదే, ప్రాక్సీ ఏ ఊళ్లో ఉందన్నదే తేడా.

మొదటి ఫుల్ మాత్రం ఎలాగూ 300 జీబీ వెళ్లాలి కదా? దానికి లైను ఎందుకు, గుణుపురంలోనే ఒక యూఎస్‌బీ డిస్కు మీదకి తీసి, రాయగడ బస్సెక్కించి, ఇక్కడ రిపాజిటరీలో పెట్టి జాబ్‌కి మ్యాపింగ్ చూపిస్తే (నీ పాత కాపీ ఇదే అని చెబితే) అక్కడి నుంచి మార్పులే నడుస్తాయి. బస్సులో పంపే డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉండాలి, అందులో ఉన్నవి రోగుల వివరాలు. ఇంకా మంచి పద్ధతి కావాలంటే గుణుపురంలోనే చిన్న లోకల్ రిపాజిటరీ పెట్టుకుని, దాని నుంచి రాయగడకి బ్యాకప్ కాపీ జాబ్ నడపాలి. లైను తెగినా ఆ రాత్రి బ్యాకప్ ఆగదు. రోడ్డు పని జేసీబీ ఒక్క గీత గీస్తే ఫైబర్ రెండు రోజులు లేకపోవడం ఈ ఘాట్ రోడ్ల పక్క ఊళ్లకి కొత్త కాదు.

రెండు ఊళ్లలో ప్రాక్సీలు పెట్టాక ఒక సెట్టింగ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. జాబ్‌లో ప్రాక్సీ ఎంపిక "ఆటోమేటిక్" అని ఉంటుంది. బాగానే ఎంచుకుంటుంది, దగ్గరున్నదాన్నే తీసుకుంటుంది. గుణుపురం ప్రాక్సీ ఒక రాత్రి లేవలేదనుకోండి, సాఫ్ట్‌వేర్ పాపం మంచి మనసుతో రాయగడ ప్రాక్సీకి పని అప్పగిస్తుంది, ఆ ప్రాక్సీ లైను మొత్తం తాగేస్తుంది, పొద్దున్న గుణుపురం బ్రాంచిలో రిజిస్ట్రేషన్ పేజీ తెరుచుకోదు. బ్రాంచి జాబులకి ప్రాక్సీని పేరు పెట్టి ఎంచడమే నయం. అది లేకపోతే జాబ్ ఎర్రగా ఫెయిలవుతుంది, ఎర్రగా కనబడితే ఎవరో ఒకరు చూస్తారు.

నాస్ మీద ఎస్ఎంబీ షేర్‌ని (విండోస్ పద్ధతి షేర్డ్ ఫోల్డర్) రిపాజిటరీగా పెట్టినచోట దీనికి అన్నలాంటి పొరపాటు ఇంకోటి జరుగుతుంది. నాస్ తనంతట తను వీమ్ భాష మాట్లాడలేదు కాబట్టి దాని ముందు గేట్‌వే సర్వర్ అని ఒక మిషన్ ఉండాలి, దాన్నీ ఆటోమేటిక్‌కి వదిలేస్తే ఒక్కోసారి గుణుపురం మిషనే రాయగడ నాస్‌కి గేట్‌వే అయి కూర్చుంటుంది. అప్పుడు రాయడం, ఆ తర్వాత పాత ఫైళ్లు కలిపే మెర్జ్, అన్నీ 20 ఎంబీపీఎస్ మీదుగా అటూ ఇటూ తిరుగుతాయి. గేట్‌వే ఎప్పుడూ నాస్ ఉన్న గదిలోనే ఉండాలి. ప్రాక్సీ చదివేచోటికి దగ్గర, గేట్‌వే రాసేచోటికి దగ్గర, సన్నటి లైను ఆ రెండిటి మధ్యలో.

బ్రాంచి హోస్టు ఫ్రీ ఈఎస్ఎక్స్ఐ మీద ఉందా అన్నది ముందే చూసుకోవాలి. ఫ్రీ లైసెన్సులో బ్యాకప్ ఏపీఐ తెరుచుకోదు, ఎన్ని ప్రాక్సీలు పెట్టినా ఆ వీఎంలు అందవు, వీఎం లోపల ఏజెంట్ (బ్యాకప్ తీసే చిన్న ప్రోగ్రామ్) వేసి తీసుకోవాల్సిందే. ఫైర్‌వాల్ మధ్యలో ఉంటే వీసెంటర్‌కి 443, హోస్టులకి 902, ప్రాక్సీకీ రిపాజిటరీకీ మధ్య 2500 నుంచి 3300 దాకా పోర్టులు తెరవాలి. ప్రాక్సీ మిషన్లని ఆఫీసు డొమైన్‌లో కలపకపోవడం మంచిది, రాన్సమ్‌వేర్ డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ పట్టుకుంటే మొదట వెతికేది బ్యాకప్ మిషన్లనే.

వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నాక రేట్ల భయంతో చాలా చిన్న సంస్థల చూపు ప్రాక్స్‌మాక్స్ అనే ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్ మీదకి మళ్లింది. దాని సొంత బ్యాకప్ పద్ధతిలో ఈ కథ మారుతుంది. వేరే ప్రాక్సీ ఏదీ ఉండదు, ప్రతి నోడూ (హోస్టూ) తన వీఎంలని తనే చదివి ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌కి పంపుతుంది, కాబట్టి భారం పంచడం అంటే జాబుల టైములు నోడ్ల మధ్య విడగొట్టడం, బ్యాండ్‌విడ్త్ పరిమితి పెట్టడం. ఒక కిటుకు మాత్రం తెలియాలి: బ్యాకప్ నడుస్తుండగా వీఎం ఏదైనా బ్లాకు మీద రాయబోతే పాత బ్లాకు ముందు బ్యాకప్‌కి వెళ్లేదాకా ఆగాలి. గుణుపురం నోడు నేరుగా రాయగడలోని సర్వర్‌కి బ్యాకప్ పంపుతుంటే వీఎం వేగం ఆ సన్నటి లైనుకి కట్టుబడిపోతుంది. 2024లో వచ్చిన 8.2 వెర్షన్‌లో ఫ్లీసింగ్ అని పెట్టారు, పాత బ్లాకుని దగ్గర్లోని లోకల్ డిస్కులో పడేసి వీఎంని వదిలేస్తుంది. అంతకన్నా తేలిక, బ్రాంచిలో చిన్న బ్యాకప్ సర్వర్ పెట్టి అక్కడి నుంచి సింక్ జాబ్‌తో పంపడం. మైక్రోసాఫ్ట్ హైపర్-వి వాళ్లకి హోస్టే ప్రాక్సీ, వేరే మిషన్ మీదకి తోయాలంటే ఉమ్మడి స్టోరేజ్ ఉండాలి, చిన్న సంస్థల్లో ఆ అవసరం రావడం అరుదు.

మరో కాపీ బయట ఊళ్లో ఉండాలంటే ఈ ప్రాంతం వాళ్లకి వెంటనే తట్టేవి బరంపురం, విశాఖపట్నం. రెండూ తీరానికి దగ్గరివే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి పర్లాకిమిడి వైపు కొండల్ని కరిగించింది. మూడూ అక్టోబరు రెండో వారమే. అసలు డేటా రాయగడలో ఉండి కాపీ తీరంలో ఉన్నా, అసలు డేటా బరంపురంలో ఉండి కాపీ రాయగడలో ఉన్నా రెండిటికీ అర్థముంది. రెండూ తీరంలోనే ఉంటే ఒకే తుఫానుకి రెండూ చీకట్లో పడొచ్చు. తీరం కాపీ చేతికి రావాలంటే తిరిగి తెచ్చే దారి కూడా చూసుకోవాలి: ఇన్‌స్టంట్ రికవరీ (వీఎంని నేరుగా బ్యాకప్ నుంచే లేపడం) ప్రాక్సీ గుండా నడవదు, మౌంట్ సర్వర్ (బ్యాకప్‌ని డిస్కులా చూపించే మిషన్) గుండా నడుస్తుంది, పూర్తి వీఎం రీస్టోర్ మాత్రం ప్రాక్సీ గుండానే డిస్కుకి రాస్తుంది. రాయగడ హోస్టులు పడి లేచిన రోజున వాటి మీదే ఉన్న ప్రాక్సీ వీఎంలు కూడా లేవకపోవచ్చు. అప్పుడు ఏ మిషన్ ప్రాక్సీ అవుతుందో, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో సెప్టెంబరులో ఒక ఆదివారం కూర్చుని ల్యాబ్ వీఎంని వేరే పేరుతో, నెట్‌వర్క్ కలపకుండా రీస్టోర్ చేసి చూస్తే తెలుస్తుంది. టైము రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం సర్వర్ గది తలుపు లోపలివైపు అంటిస్తే చాలు.